ఎనిమిది పెద్దదా, పదునారు పెద్దదా?

బియ్యము కొనునప్పుడు మనకు తూకమున్నది. గుడ్డ కొనునప్పుడు కొలబద్ద యున్నది. పాలు కొనునప్పుడు కొలపాత్ర యున్నది. కాని కంప్యూటరు కొనబోయినప్పుడు మాత్రము, అమ్మువాడు చూపిన చీటిపై అచ్చువేసియున్న అంకెలనే తూకముగను, కొలబద్దగను భావించి డబ్బు చెల్లించుట మనకు అలవాటైనది. చీటిపై 16 అని యున్న వస్తువు, 8 అని యున్న వస్తువునకు రెట్టింపు పని చేయుననుకొనుట సహజమే. ఈ యూహ ఎంతవరకు నిజమో, ఎక్కడ తప్పునో, రెండు ప్రసిద్ధ వస్తువులను ఎదురెదురుగా నిలిపి నేటి ప్రసంగములో పరిశీలింపవలెనని మా సంకల్పము.

ఆ రెండును సర్వరు ప్రాసెసర్లు. ఒకే యంత్రము పదిమందికి, నూరుమందికి, ఒక్కొక్కప్పుడు వేలమందికి ఏకకాలమున సేవ చేయుచుండిన, ఆ యంత్రమును సర్వరు అందురు. బ్యాంకులో మన ఖాతాను చూపునది, రైలు టిక్కెట్టు ఇచ్చునది, విద్యాలయములో ఫలితములను ప్రకటించునది సర్వరే. దాని లోపల లెక్కలు చేయు ముఖ్యాంగము ప్రాసెసరు. పెద్ద సంస్థలు ఇట్టి యంత్రములను కొన్ని యేండ్లు వాడి, క్రొత్తవి వచ్చినంతనే పాతవానిని తీసివేయును. అవి పాత సరకుల అంగళ్లకు చేరును. చిన్న కళాశాలలు, గ్రంథాలయములు, ముద్రణాలయములు, విద్య నేర్చుకొనగోరు యువకులు వానిని చవకగా కొందురు. పరిమితమైన ధనముతో కొనువారికే తప్పు ఎంపిక ఎక్కువ నష్టము కలిగించును. ఒక పాఠశాల కమిటీవారు సంవత్సరమునకు ఒకమారు మాత్రమే వచ్చు గ్రాంటును అక్కరకు రాని పెట్టెపై వెచ్చించినచో, ఆ యేడు పిల్లలకు మరియొక యంత్రము రాదు.

ఇక మన వస్తువుల పరిచయము. మొదటిది ఏ.ఎం.డి. సంస్థవారి ఆప్టెరాన్ 6276. ఇది 2011 నవంబరులో విపణికి వచ్చినది. దీనిని ఇంటర్లాగోస్ అను మారుపేరుతో నిర్మించిరి. ఆ పేరు బ్రెజిల్ దేశములోని కార్ల పందెపు మైదానమునకు చెందినది. దీనిపై వ్రాసిన లెక్క 16 కోర్లు. మూల వేగము 2.3 గిగాహెర్ట్జ్, అవకాశమున్నప్పుడు 3.2 వరకు పెరుగును. రెండవది ఇంటెల్ సంస్థవారి జియాన్ ఇ5-2670. ఇది 2012 మార్చిలో వచ్చినది. దీనికి 8 కోర్లు. మూల వేగము 2.6 గిగాహెర్ట్జ్, అవకాశమున్నప్పుడు 3.3 వరకు పెరుగును. రెండును 32 నానోమీటర్ల పద్ధతిలో తయారైనవే. రెండింటికిని నిర్ణయించిన ఉష్ణ పరిమితి 115 వాట్లే. రెండును డి.డి.ఆర్.3 జాతి మెమరీని నాలుగు మార్గముల ద్వారా అందుకొనును; ఆ మార్గముల గరిష్ఠ సామర్థ్యము కూడ రెండింటను సమానముగా సెకనుకు 51.2 గిగాబైట్లు. ఇన్ని విషయములలో సామ్యమున్నను, ధరలో మాత్రము ఎంతో వ్యత్యాసమున్నది. వేయి చొప్పున కొనువారికి నాడు ప్రకటించిన ధర ఆప్టెరానుకు 788 డాలర్లు, జియానుకు 1,552 డాలర్లు.

ఈ అంకెలను విన్నవారికి వెంటనే ఒక తీర్పు తోచును. కోర్లు రెట్టింపు, ధర సగము. కోర్ ఒక్కింటికి లెక్కించిన జియానులో 194 డాలర్లు, ఆప్టెరానులో 49 డాలర్ల పైచిల్లర. నాలుగవ వంతు ధరకే కోర్ లభించుచుండగా ఇక ఆలోచన యెందుకు? ఆలోచన అవసరమే. ఏలయనగా, కోర్ అను మాటకు రెండు సంస్థలును ఒకే అర్థమును చెప్పుకొనలేదు.

ఈ విషయమును ఒక పెండ్లి వంటశాలతో పోల్చి చెప్పుకొందము. కోర్ అనగా ఒక వంటవాడు. వానికి ఒక పొయ్యి, ఒక కత్తిపీట, ఒక రుబ్బురోలు, సరకులందించు ఒక కుఱ్ఱవాడు ఉండవలెను. ఇంటెల్ వారి వంటశాలలో ఎనమండుగురు వంటవారున్నారు. ప్రతివానికిని తన సామగ్రి యంతయు తనకున్నది. ఏ.ఎం.డి. వారు అట్లు చేయలేదు. ఇద్దరేసి వంటవారిని ఒక జట్టుగా కూర్చిరి. జట్టుకు పొయ్యిలు రెండు. కాని రుబ్బురోలు ఒక్కటి, సరకులందించు కుఱ్ఱవాడు ఒక్కడు. అట్టి జట్లు ఎనిమిది. ఈ జట్టును వారు మాడ్యూల్ అనిరి. ఈ నిర్మాణమునకు బుల్డోజరు అని పేరు పెట్టిరి.

సాంకేతికముగా చెప్పవలెనన్న, ప్రతి మాడ్యూలులోను పూర్ణాంకముల లెక్కలు చేయు విభాగములు రెండున్నవి. దశాంశ బిందువు గల సంఖ్యల లెక్కలు చేయు విభాగము మాత్రము ఒక్కటే. ఇద్దరును దానినే పంచుకొనవలెను. ఆజ్ఞలను మెమరీనుండి తెచ్చి, విడమరచి అందించు ముందుభాగము కూడ ఒక్కటే. 2 మెగాబైట్ల రెండవ శ్రేణి క్యాష్ మెమరీయు ఉమ్మడియే. ఇది మోసమని కాని, తెలివితక్కువ యని కాని తలంపరాదు. సర్వర్ల పనిలో హెచ్చు భాగము పూర్ణాంకములతోడను, మాటలతోడను, పట్టికలతోడను జరుగును. దశాంశపు లెక్కలు తక్కువ. అరుదుగా వాడు రుబ్బురోలును ఇద్దరు పంచుకొన్న, మిగిలిన స్థలములో మరికొందరు వంటవారిని నిలుపవచ్చునని వారి యోచన. యోచనలో తర్కమున్నది. అయితే ఆ స్థలమును పొదుపు చేయుటకై ఒక్కొక్క వంటవాని చేతిపనిని కూడ కొంత తగ్గించిరి. గడియారము ఒక్కమారు కొట్టుకొనునంతలో జియాను కోర్ చేయు పనికంటె, ఈ కోర్ చేయు పని తక్కువ.

మరియొక సంగతి. ఆప్టెరాన్ 6276 పైకి ఒకే బిళ్లవలె కనబడినను, లోపల రెండు వేర్వేరు సిలికాన్ పలకలను ప్రక్కప్రక్కన పేర్చియున్నారు. ఒక్కొక్క పలకకు నాలుగేసి మాడ్యూల్సు, రెండేసి మెమరీ మార్గములు. కావున ఒక పలకలోని కోర్, రెండవ పలకకు చెందిన మెమరీలోని సమాచారమును కోరిన, అది కొంత ఆలస్యముగా చేరును. ఒక వంటశాలను రెండు కొట్టములుగా కట్టి, నడుమ ద్వారము పెట్టినట్లున్నది.

ఇక జియాను వైపు చూతము. ఆ ఎనమండుగురు వంటవారికి ఇంటెల్ వారు మరియొక విద్య నేర్పిరి. ఒక పొయ్యిపై అన్నము ఉడుకుచుండగా వంటవాడు చేతులు కట్టుకొని నిలువడు. ప్రక్క పొయ్యిపై కూర కలుపును. ప్రాసెసరు కూడ మెమరీనుండి సమాచారము వచ్చువరకు పెక్కుమారులు ఊరక నిరీక్షించుచుండును. ఆ నిరీక్షణ కాలములో రెండవ పనిని చేపట్టు ఏర్పాటునకు హైపర్ థ్రెడింగ్ అని పేరు. దీనివలన ఆపరేటింగ్ సిస్టము కంటికి 8 కోర్లు 16 గా కనబడును. చమత్కార మేమనగా, రెండు యంత్రములను ప్రక్కప్రక్కన పెట్టి పనుల పట్టికను తెరచిన, రెండింటను 16 గీతలే కనబడును. ఒకచోట 16 అనగా రెండేసి పనులు చూచుకొను ఎనమండుగురు. మరియొకచోట 16 అనగా సామగ్రి పంచుకొను పదునారుగురు. అంకె ఒక్కటే, దాని వెనుకనున్న వాస్తవములు రెండు.

ఇప్పుడు పనితనమును గూర్చి. పనులు స్థూలముగా రెండు విధములు. ఐదువందల మందికి ఇడ్లీలు వండుట ఒక విధము; ఎందరు వంటవారుండిన అంత త్వరగా తెమలును. పాకము పట్టుట మరియొక విధము; పదుగురు చుట్టు నిలిచినను పాకము త్వరగా రాదు, ఒక్కడే దగ్గర నిలిచి కనిపెట్టవలెను. ఒక పెద్ద వెబ్ సర్వరు నూరుమందికి నూరు పుటలను పంపుట ఇడ్లీల వంటిది. ఒక పొడవైన పట్టికను ఆరంభమునుండి అంతమువరకు వరుసగా లెక్కించు ప్రోగ్రాము పాకము వంటిది. పాకము వంటి పనులలో జియాను నిస్సందేహముగా ముందున్నది. దాని ఒక్కొక్క కోర్ చురుకైనది, వేగము కూడ ఎక్కువ. ఇడ్లీల వంటి పనులలో ఆప్టెరాను దూరము తగ్గించుకొనును. 16 పూర్ణాంక విభాగములు ఏకకాలమున నిండుగ పనిచేయగల సందర్భములలో అది సగము ధరకు సగముకంటె చాల ఎక్కువ పని చేసి చూపినది. కాని రెట్టింపు పని మాత్రము ఎన్నడును చేయలేదు.

దశాంశపు లెక్కలలో రెండింటి గరిష్ఠ సామర్థ్యమును కాగితముపై గుణించి చూడవచ్చును. జియానులో ప్రతి కోర్ ఒక గడియారపు టిక్కునకు 8 లెక్కలు చేయగలదు. 8 కోర్లు, 2.6 గిగాహెర్ట్జ్, వెరసి సెకనుకు 166.4 శతకోట్ల లెక్కలు. ఆప్టెరానులో ప్రతి మాడ్యూలు, అనగా రెండు కోర్లు కలిసి, ఒక టిక్కునకు 8 లెక్కలు చేయును. 8 మాడ్యూల్సు, 2.3 గిగాహెర్ట్జ్, వెరసి 147.2 శతకోట్లు. కోర్ల లెక్క రెట్టింపైనను సామర్థ్యము కొంచెము తక్కువయే. అయినను ధరతో భాగించిన ఆప్టెరానే చవక. ఇక్కడ ఒక మెలిక యున్నది. ఆప్టెరాను ఆ గరిష్ఠమును అందుకొనవలెనన్న, గుణకారమును కూడికను ఒకే ఆజ్ఞగా కలిపిన ప్రత్యేక పద్ధతిలో ప్రోగ్రాములను తిరిగి తయారు చేసికొనవలెను. నాడు ఏ.ఎం.డి. అనుసరించిన ఆ ఆజ్ఞల రూపమును ఇంటెల్ స్వీకరింపలేదు. తరువాత ఏ.ఎం.డి. సంస్థయే 2017లో వచ్చిన జెన్ నిర్మాణమునుండి దానిని అధికారికముగా విడిచిపెట్టినది. తమ ప్రోగ్రాములను తామే వ్రాసికొను శాస్త్రజ్ఞులకు ఇది సాధ్యము. తయారు సరకును కొని వాడు కార్యాలయమువారికి సాధ్యము కాదు.

ఈ రెండు ప్రాసెసర్లును గొప్ప కార్యములలో పాల్గొన్నవే. అమెరికాలో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున 2013లో పూర్తిస్థాయి సేవకు వచ్చిన బ్లూ వాటర్స్ అను మహాయంత్రములో వేలకొలది ఆప్టెరాన్ 6276 లు పనిచేసినవి. అక్కడ దశాంశపు లెక్కల భారము హెచ్చుగా గలవారు మాడ్యూలునకు ఒక్క పనిని మాత్రమే అప్పగించి, రెండవ కోర్‌ను ఖాళీగా నుంచుట కలదు. రుబ్బురోలు ఒక్కటేయైనప్పుడు రెండవవానిని కూర్చుండబెట్టుటయే మేలని వారికి తెలియును. మన దేశములో, పుణె నగరమందలి భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థలో 2013లో నెలకొల్పిన ఆదిత్య యంత్రము జియాన్ ఇ5-2670 లతో నిర్మింపబడినది. దానిలో 38,016 కోర్లు. గరిష్ఠ సామర్థ్యము సుమారు 790 టెరాఫ్లాపులు. ఋతుపవనముల గమనమును ముందుగా లెక్కించు పరిశోధనకు అది తోడ్పడినది. నైఋతి ఋతుపవనము రాయలసీమకు ఎప్పుడు చేరును, తెలంగాణములో విత్తనములు ఎప్పుడు చల్లవచ్చును అని ఎదురుచూచు రైతునకు ప్రాసెసరు పేరు తెలియదు, తెలియనక్కరలేదు. కాని ఆ సమాధానము కొరకు జరిగిన లెక్కలలో ఈ చిన్న బిళ్లల శ్రమ యున్నది. 2018లో ప్రత్యూష్, 2024లో అర్క అను మరింత బలమైన యంత్రములు ఆ సంస్థకు వచ్చినవి.

ఇక విలువ మాట. ధర వేరు, విలువ వేరు. దీనికి నాటి వ్యాపారలోకములోనే గట్టి ఉదాహరణ మున్నది. 2012లో మైక్రోసాఫ్ట్ సంస్థవారు తమ ఎస్.క్యు.ఎల్. సర్వరు అను డేటాబేస్ ప్రోగ్రామునకు, ప్రాసెసరు కొకటి చొప్పున గాక, కోర్ కొకటి చొప్పున లైసెన్సు తీసికొనవలెనని నియమము పెట్టిరి. పెద్ద తరగతి లైసెన్సు వెల కోర్ ఒక్కింటికి 6,874 డాలర్లు. ఆప్టెరాను వంటి ప్రాసెసర్లకు కొంత రాయితీ నిచ్చి, కోర్ల సంఖ్యను ముప్పాతికకు తగ్గించి లెక్కింపవచ్చుననిరి. రెండేసి ప్రాసెసర్లుగల రెండు సర్వర్లను తలపోయుడు. ఆప్టెరాను సర్వరులో 32 కోర్లు. ముప్పాతిక యనగా 24 లైసెన్సులు. వాని వెల 1,64,976 డాలర్లు. జియాను సర్వరులో 16 కోర్లు, 16 లైసెన్సులు, వాని వెల 1,09,984 డాలర్లు. ప్రాసెసర్లు రెండింటిపై 1,528 డాలర్లు మిగుల్చుకొన్నవాడు లైసెన్సులపై 54,992 డాలర్లు అధికముగా చెల్లింపవలసి వచ్చెను. ఆవును చవకగా కొని, గడ్డికి ఆస్తి నమ్ముకొన్నట్లయినది.

అయితే ఇదే నాణెమునకు రెండవ ప్రక్క కూడ కలదు. అదే 2012లో వచ్చిన విండోస్ సర్వరునకు లైసెన్సు ప్రాసెసర్లను బట్టియే కాని కోర్లను బట్టి కాదు. లినక్సు, పోస్ట్‌గ్రెస్ వంటి స్వేచ్ఛా ప్రోగ్రాములకు లైసెన్సు రుసుమే లేదు. అట్టివానిని వాడు సంస్థకు ఆప్టెరానుపై మిగిలిన డాలర్లు నిజముగా చేతిలోనే మిగిలినవి. కనుక ఒకే వస్తువు ఒక యింటికి లాభము, పొరుగింటికి నష్టము కావచ్చును. ఏ ప్రోగ్రాము నడుపుదుమో తెలియకుండ ఏ ప్రాసెసరు మంచిదని అడుగుట, ఏ ఊరికి పోవుదుమో చెప్పక ఏ బండి ఎక్కవలెనని అడుగుట వంటిది.

కోర్ అను మాట తుదకు న్యాయస్థానమువరకు నడచినది. బుల్డోజరు నిర్మాణముతోనే తయారైన గృహోపయోగపు ఎఫ్.ఎక్స్. ప్రాసెసర్లను కొన్నవారు 2015లో కాలిఫోర్నియాలో దావా వేసిరి. సామగ్రిని పంచుకొను రెండు సగములను రెండు కోర్లని ప్రకటించుట తగదని వారి వాదము. తప్పు నొప్పుకొనకయే ఏ.ఎం.డి. సంస్థ 2019లో 1 కోటి 21 లక్షల డాలర్లకు రాజీ చేసికొనినది. మన ఆప్టెరాను ఆ దావాలో చేరలేదు. కాని చీటిపై అంకెను గూర్చి కొనువాడు ప్రశ్నింపవచ్చునని ఆ వ్యవహారము వలన లోకమునకు తెలిసినది. జెన్ నిర్మాణములో ఆ సంస్థ ప్రతి కోర్‌కును దాని సామగ్రి దానికే యిచ్చి, దానితోనే సర్వరు విపణిలో మరల నిలద్రొక్కుకొన్నది.

కాలము గడచిన కొలది పాత సరకుల విపణి తన లెక్క తాను కట్టినది. 2015, 2016 సంవత్సరములలో పెద్ద డేటా కేంద్రములు తీసివేసిన జియాన్ ఇ5-2670 లు గుట్టలు గుట్టలుగా అంగళ్లకు వచ్చినవి. 1,552 డాలర్ల వస్తువు అమెరికాలో అరువది, డెబ్బది డాలర్లకు దొరకినది. అంతవరకు ఆప్టెరానుకున్న ఏకైక ఆకర్షణ, అనగా తక్కువ ధర, ఆనాటితో పోయినది. రెండును చవకయే అయినప్పుడు చురుకైనదానినే జనులు కోరిరి. క్రొత్తగా కొనునాడు ఒక తీర్పు, పాతగా కొనునాడు మరియొక తీర్పు. వస్తువు మారలేదు, ధర మారినది.

మరి నేడు కొనవచ్చునా? ఇక్కడ మూడు విషయములు గమనింపవలెను. మొదటిది భద్రత. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అను లోపములు వెల్లడియైనవి. మెల్ట్‌డౌన్ ఇంటెల్ ప్రాసెసర్లకు సోకినది, ఏ.ఎం.డి. ప్రాసెసర్లకు సోకలేదు. దానికి చేసిన చికిత్స వలన, మాటిమాటికి డిస్కును, నెట్‌వర్కును ముట్టు పనులలో జియాను వేగము కొంత తగ్గినది. స్పెక్టర్ మాత్రము ఉభయులకును తప్పలేదు. రెండవది సాఫ్ట్‌వేరు మద్దతు. ఈ రెండు ప్రాసెసర్లును ఏ.వి.ఎక్స్. అను ఆజ్ఞల సముదాయము నెఱుగును. దాని తరువాతి మెట్టగు ఏ.వి.ఎక్స్.2 ను ఎఱుగవు. 2025లో విడుదలైన రెడ్ హాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్సు 10వ కూర్పు ఆ రెండవ మెట్టు లేని ప్రాసెసరుపై నడువదు. ఇకముందు రాబోవు ప్రోగ్రాములలో ఇట్టివి పెరుగునే కాని తగ్గవు. పిల్లలకు నేర్పుటకు నేటి పాఠమును నేటి సాఫ్ట్‌వేరుపై నేర్పదలచినవారు ఈ మాటను ముందుగా విచారింపవలెను.

మూడవది విద్యుచ్ఛక్తి. ఇది గృహస్థులందరికి తెలిసిన లెక్కయే. రెండు ప్రాసెసర్ల పాత సర్వరు సగటున 200 వాట్లు తీసికొనుచు, రాత్రింబవళ్లు నడచుననుకొందము. సంవత్సరమునకు 1,752 యూనిట్లు. యూనిట్టు 8 రూపాయలనుకొన్న, సాలుకు 14,016 రూపాయలు. సగటున 50 వాట్లతో నడచు చిన్న యంత్రమునకు అదే రేటున సాలుకు 3,504 రూపాయలు. తేడా 10,512 రూపాయలు. మూడేండ్లకు 31,536. ఈ మొత్తము కరెంటు బిల్లులో నెలనెల కొంచెము కొంచెముగా పోవును గనుక, కొన్ననాడు ఎవ్వరికిని కనబడదు. 2022లో వచ్చిన రైజెన్ 5 5600 వంటి 65 వాట్ల, 6 కోర్ల గృహోపయోగపు ప్రాసెసరు ఒక్కటే పెక్కు పనులలో ఈ పాత జియాన్ల జంటకు దీటుగా నిలుచును. వరుసగా సాగు పనులలో దాని ఒక్కొక్క కోర్ పాతదానికంటె ఎంతో వేగమైనది. పాత సర్వరు పంకాల రొద కూడ చిన్నది కాదు. పడకగదిలో కాదు గదా, ప్రక్కగదిలో నుంచుటయు కష్టమే.

అట్లని పాత సర్వరు నిరర్థకమని మేము చెప్పబోము. దానికి గల మేలు వేరు. వందలకొలది గిగాబైట్ల మెమరీని అది స్వీకరించును, మెమరీలో దొరలు చిన్న తప్పులను తానే గుర్తించి దిద్దుకొనును, పాత డి.డి.ఆర్.3 మెమరీ చవక. అనేకమైన డిస్కులను, అదనపు కార్డులను తగిలించుకొనుటకు స్థలమున్నది. ఒకే యంత్రములో పది కల్పిత యంత్రములను సృష్టించి, నెట్‌వర్కు విద్యను అభ్యసించు విద్యార్థికి ఇంత చవకయైన ప్రయోగశాల మరియొకటి లేదు. అతడు సాయంకాలము రెండు గంటలు నడిపి ఆపివేయును గనుక, కరెంటు భారమును లెక్కకు రాదు. ఇట్టివానికి రెండింటిలో జియాన్ ఇ5-2670 ను మేము సిఫారసు చేయుదుము. ఆప్టెరాను సర్వరు ఉచితముగా కాని, దాదాపు ఉచితముగా కాని లభించిన, మాడ్యూలు నిర్మాణమును స్వయముగా పరీక్షించి నేర్చుకొనుటకు అది చక్కని సాధనమే.

రాత్రింబవళ్లు నడువవలసిన కార్యాలయమునకు, గ్రంథాలయమునకు, పాఠశాలకు మాత్రము ఈ రెండును తగవు. అట్టివారు కొనుటకు ముందు ఒక కాగితముపై నాలుగు పంక్తులు వ్రాసికొనవలెను. నడుపవలసిన ప్రోగ్రాము ఏది, దానికి లైసెన్సు ఏ లెక్కన, రోజుకు ఎన్ని గంటలు నడచును, ఎన్నేండ్లు నడువవలెను. ఆపై, వీలైనచో, తాము చేయవలసిన పనినే ఒక పూట ఆ యంత్రముపై చేయించి, గడియారము చూడవలెను. నూనెగింజలు కొనువాడు గుప్పెడు గింజలు నలిపి చూడక బస్తా నెత్తడు. అంగడివాడు అందుల కంగీకరింపకున్న, మరియొక అంగడికి పోవలెను. చీటిపై 16 అనియు, 8 అనియు ఉన్న అంకెలను ఈ నాలుగు పంక్తులు నిండిన పిమ్మట చూచిన చాలును.